ఉచిత ఆటలో కట్టుకున్న ఇల్లు ఎవరిది?

సంక్షిప్తంగా: ఫోనులో ఉచితంగా దొరికే లైఫ్ సిమ్యులేషన్ ఆటలు (బొమ్మ మనుషుల బతుకును మనం నడిపేవి) అమ్మే అసలు సరుకు సోఫాలూ బట్టలూ కాదు, నిరీక్షణ నుంచి విముక్తి. వీటిలో పందెం ఉండదు కనుక 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ నిషేధం గురి వీటిమీద లేదు. అయితే ఆటలో డబ్బు పెట్టి కొన్న ఇల్లు ఆటగాడి సొంతం కాదు. ఆ సంగతి ఎక్కువగా ఆట మూతపడే రోజునే తెలుస్తుంది.

అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం వైపు వెళ్లే మెట్రోలో పక్కవారి ఫోనులో పైకప్పు లేని ఇల్లు కనిపించడం అరుదేమీ కాదు. పైనుంచి చూస్తే గోడలు, మంచం, పొయ్యి, మూలన ఒక పూలకుండీ. పొయ్యి ముందు ఒక బొమ్మ మనిషి, ఆమె తలపైన తిరుగుతున్న ఆకుపచ్చ రత్నం. పక్కనే ఒక గీత నెమ్మదిగా నిండుతుంటుంది, ఆ పని పూర్తికావడానికి ఇంకా ఎంతసేపు పడుతుందో చెబుతూ. అది ఆటలోని కాలం కాదు, చేతి గడియారంలోని కాలమే. రైలు హైటెక్ సిటీ చేరేసరికి వంట ముగియకపోతే ఫోను జేబులోకి వెళ్తుంది, వంట మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఈ ఆటల గురించి ఈమధ్య రెండు సందేహాలు తరచుగా వినిపిస్తున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆటలను కేంద్రం నిషేధించింది కదా, ఇందులో నాణేలు కొనడం కూడా నేరమా అన్నది మొదటిది. ఏళ్ల తరబడి అమర్చుకున్న ఇల్లు ఒక్కరోజులో ఎలా మాయమవుతుందన్నది రెండోది. రెండింటికీ జవాబు ఈ ఆటలు నడిచే తీరులోనే ఉంది.

బొమ్మల కాపురం ఎక్కడి నుంచి వచ్చింది

బతుకును బొమ్మలతో నడిపించడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. లక్కపిడతలతో గుజ్జనగూళ్లు వండటం, బొమ్మల పెళ్లి చేయడం, విడిదింటి గొడవలు కూడా అభినయించడం లైఫ్ సిమ్యులేషన్ కాక మరేమిటి? అయితే ఆ ఆటలో కాలం పిల్లల చేతిలో ఉండేది. అన్నం ఉడికిందంటే ఉడికినట్టే. పెళ్లి, సీమంతం, బారసాల అన్నీ ఒకే మధ్యాహ్నంలో అయిపోయేవి.

కంప్యూటర్‌లో ఈ తరహా ఆట 1985లో యాక్టివిజన్ విడుదల చేసిన ‘లిటిల్ కంప్యూటర్ పీపుల్’తో కనిపిస్తుంది. అందులో తెరమీది ఇంట్లో ఒక మనిషి, ఒక కుక్క కాపురం ఉండేవారు. 1996లో జపాన్‌కు చెందిన బాందాయి సంస్థ తమగోచి అనే గుడ్డు ఆకారపు చిన్న పరికరాన్ని తెచ్చింది. దానిలోని ప్రాణికి సమయానికి తిండి పెట్టకపోతే అది చనిపోయేది. ఆట కట్టేసినా ఆటలోని కాలం ఆగదు అనే ఊహ జనంలోకి వెళ్లింది దానితోనే.

ఈ కోవకు పెద్ద పేరు తెచ్చింది 2000లో వచ్చిన ‘ది సిమ్స్’. దాని రూపకర్త విల్ రైట్ ఇల్లు 1991లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో కాలిపోయింది. సామాను మళ్లీ ఒక్కొక్కటిగా కూర్చుకునే క్రమంలో ఆ ఆలోచన రూపుకట్టింది. ఇల్లు పోగొట్టుకున్న మనిషి ఊహించిన ఆట గనుకనే కాబోలు, అందులో మనుషుల కంటే సామానుకే ప్రాధాన్యం ఎక్కువ అనిపిస్తుంది.

ఆ ఆటను సీడీగా కొనాలి. తెర అంచున కాలాన్ని ఆపే మీట, వేగంగా నడిపే మీటలు ఉండేవి. బొమ్మ మనిషి ఎనిమిది గంటలు నిద్రపోవాలంటే వేగం మీట నొక్కి కాసేపట్లో తెల్లవారేలా చేయవచ్చు. ఒకసారి డబ్బు చెల్లిస్తే కాలం ఆటగాడి అధీనంలోకి వచ్చేది. బొమ్మల పెళ్లిలోనూ అంతే.

అమ్మకానికి పెట్టిన మీట

2009లో రెండు మార్పులు జరిగాయి. ఫేస్‌బుక్‌లో జింగా సంస్థ ‘ఫార్మ్‌విల్’ మొదలుపెట్టింది. అందులో పంట నాటితే నిజంగా గంటలు ఆగాలి, సమయానికి కోయకపోతే అది వాడిపోతుంది. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్, ఉచిత యాప్‌లలో కూడా లోపల అమ్మకాలు చేసుకోవడానికి అనుమతించింది. ఆట తలుపు దగ్గర టికెట్టు తీసేసి, లోపల అంగళ్లు తెరవడానికి దారి ఏర్పడింది.

2011 డిసెంబరులో వచ్చిన ‘ది సిమ్స్ ఫ్రీప్లే’ ఈ రెండింటినీ కలిపింది. సిమ్స్ ఆటల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కోసం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ స్టూడియో తయారుచేసిన ఈ ఆటలో ప్రతి పనీ నిజకాలంలో జరుగుతుంది. మొదట్లో చేసే చిన్న పనులు సెకన్లలో అయిపోతాయి. నిద్రకు, ఉద్యోగానికి గంటలు కావాలి. కొత్త ఇల్లు కట్టాలంటే ఇంకా ఎక్కువ, ఊళ్లో ఇళ్లు పెరిగేకొద్దీ తర్వాతి ఇంటి ఖర్చు పెరుగుతుంది. ఆగలేనివారికి పక్కన ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి ప్రత్యేకమైన పాయింట్లు ఖర్చుపెడితే పని తక్షణం పూర్తవుతుంది.

అది పాత ఆటలోని వేగం మీటే. 2000లో సీడీతో పాటు ఉచితంగా వచ్చినదాన్ని ఆటలోంచి ఊడదీసి, విడిగా ధర కట్టారు. ఉచిత లైఫ్ సిమ్యులేషన్ ఆటల ఆర్థికం మొత్తం దాదాపు ఈ ఒక్క మార్పు మీదే నిలబడి ఉంది. మిగతావన్నీ దీని చుట్టూ అల్లుకున్నవి.

ఎందుకిలా అంటే, తయారీదారు వైపు నుంచి చూస్తే కారణం తేలికగానే అర్థమవుతుంది. సీడీ అమ్మకంలో కొన్నవారందరూ ఒకే ధర చెల్లిస్తారు. ఉచిత ఆటలో చాలామంది పైసా ఇవ్వరు, కొద్దిమంది మాత్రం లెక్కలేకుండా ఇస్తారు. ఆ కొద్దిమంది దొరకాలంటే ముందు లక్షలమంది లోపలికి రావాలి, రోజూ రావాలి. వంకాయ మొక్క నాలుగు గంటల తర్వాత కాపుకొచ్చేలా పెడితే ఆటగాడు నాలుగు గంటల తర్వాత మళ్లీ తెరుస్తాడు. అంటే నిరీక్షణ రెండు విధాలుగా పనిచేస్తుంది: డబ్బున్నవారి నుంచి డబ్బు రాబడుతుంది, లేనివారిని రోజుకు నాలుగైదుసార్లు రప్పిస్తుంది.

మన దగ్గర ఈ లెక్కకు ఊతమిచ్చింది 2016 సెప్టెంబరులో జియో రాకతో పడిపోయిన డేటా ధర. అంతకుముందు వందల ఎంబీల ఆటను దింపుకోవాలంటే ఆలోచించాల్సి వచ్చేది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో ముగ్గురు పంచుకునే గదిలో ఉండేవారికి కూడా ఇప్పుడు ఫోనులో మూడంతస్తుల ఇల్లు కట్టుకోవడానికి అడ్డేమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

రెండు రకాల నాణేలు ఎందుకు

ఈ ఆటల్లో సాధారణంగా కనీసం రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి ఆడుతూ సంపాదించేది, పుష్కలంగా వస్తుంది. రెండోది అరుదుగా చుక్కలు చుక్కలుగా వస్తుంది, కావాలంటే రూపాయలతో కొనాలి. ఫ్రీప్లేలో మొదటిదాని పేరు సిమోలియన్లు, రెండోది లైఫ్‌స్టైల్ పాయింట్లు.

ఈ మధ్యవర్తి నాణెం చేసే పని ఒక్కటే, రూపాయిని కంటికి కనబడకుండా చేయడం. ఉదాహరణకు ఒక అల్మారా 35 పాయింట్లు అనుకుందాం. పాయింట్లు 20, 50, 120 చొప్పున కట్టలుగా అమ్ముతారు. 50 కట్ట కొంటే అల్మారా పోగా 15 మిగులుతాయి. ఆ పదిహేనుతో కొనదగింది ఏదీ ఉండదు, వదిలేయడానికి మనసొప్పదు. దాంతో తర్వాతి కట్ట మీదికి చూపు పోతుంది. కిరాణా కొట్టులో చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడం తెలిసినవారికి ఈ కిటుకు వివరించనక్కర్లేదు. తేడా ఏమిటంటే, ఇక్కడ చిల్లర లేకపోవడం ముందే ఏర్పాటు చేసి ఉంటుంది.

ఆటగాడు చెల్లించిన రూ.100 ఎటు పోతుందో చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉందనుకుంటే రూ.15.25 పన్ను. మిగిలినదానిలో పెద్ద సంస్థల నుంచి యాప్ స్టోర్లు చాలాకాలంగా వసూలు చేస్తూ వచ్చిన కమీషన్ 30 శాతం, అంటే రూ.25.40 పైచిలుకు. తయారీదారుకు చేరేది దాదాపు రూ.59. చిన్న సంస్థలకు ఏటా మొదటి పది లక్షల డాలర్ల రాబడి మీద కమీషన్‌ను 2021లో 15 శాతానికి తగ్గించారు. కాబట్టి ఉచిత ఆట లాభం తయారీదారు ఒక్కడిదే కాదు, తలుపు దగ్గర కూర్చున్నవారిది కూడా.

డబ్బు ఇవ్వనివారు ఇచ్చేది

కొననివారి కోసం ఉన్నది ప్రకటన. ‘ఈ వీడియో చూస్తే బహుమతి’ అనే పద్ధతి ఇప్పుడు దాదాపు ప్రతి ఉచిత ఆటలో ఉంది. ఆటగాడు మీట నొక్కిన క్షణంలోనే తెరవెనుక ఆ అర నిమిషం కోసం వేలం జరుగుతుంది. ఎక్కువ పాడుకున్న ప్రకటనదారు వీడియో వస్తుంది. అమెరికాలోని ప్రేక్షకుడికి పలికే ధర మన దగ్గర పలకదు, అందువల్ల అంతే రాబడికి ఇక్కడ ఎక్కువ ప్రకటనలు చూపించాలి.

రోజుకు పది ప్రకటనలు, ఒక్కొక్కటి 30 సెకన్లు అనుకుంటే రోజుకు ఐదు నిమిషాలు. చూడటానికి ఏమంత ఎక్కువ కాదు. ఏడాదికి 1,825 నిమిషాలు, అంటే 30 గంటల పైమాటే. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్‌కు మెట్రోలో ఇంచుమించు 50 నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన ఇది 36 ప్రయాణాలు.

అన్ని ఉచిత ఆటలూ ఒక్కలా ఉండవని చెప్పడానికి 2018లో వచ్చిన ‘బిట్‌లైఫ్’ మంచి ఉదాహరణ. ఇందులో ఇల్లు కనబడదు, బొమ్మ నడవదు, అంతా అక్షరాలే. ఒక మీట నొక్కితే ఒక ఏడాది గడుస్తుంది. పుట్టుక, బడి, ఉద్యోగం, పెళ్లి, అప్పు, చావు అన్నీ చదువుకోవడమే. పుట్టే దేశాన్ని ఎంచుకోవచ్చు. ఇక్కడ నిరీక్షణ లేదు, ఒక జీవితం పావుగంటలో ముగుస్తుంది. దీని రాబడి ప్రకటనల నుంచి, వాటిని తొలగించుకోవడానికీ అదనపు వసతులకూ చేసే చెల్లింపుల నుంచి వస్తుంది. నిరీక్షణను అమ్మే ఆటతో పోలిస్తే దీనిలో చెల్లించాల్సింది ఏమిటో ముందే తెలుస్తుంది. అదనపు కట్టల జాబితా ఏటా పెరుగుతుండటం మాత్రం ఇక్కడా ఉంది.

మరో విషయం. ఈ ఆటల సామాను జాబితాలు ఎక్కువగా పాశ్చాత్య ఇంటివి. చలిమంట గూడు తేలికగా దొరుకుతుంది, పూజ గది దొరకడం కష్టం. తులసికోట పెట్టాలంటే చాలాసార్లు ఏదో పూలకుండీతో సరిపెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయం ఉన్నా ఈ తీరు పెద్దగా మారలేదు.

నిషేధం దేనిమీద

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ బిల్లును పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో అది చట్టమైంది. ఇది ఆటలను మూడు రకాలుగా విడదీసింది: ఈ-స్పోర్ట్స్ (పోటీలుగా ఆడే వీడియో ఆటలు), సామాజిక ఆటలు, డబ్బు ఆటలు. నిషేధం మూడోరకం మీదే. రుసుమో, పందెమో కట్టి, దానికి బదులుగా డబ్బో మరో లాభమో గెలుస్తామన్న ఆశతో ఆడేది డబ్బు ఆట. దాన్ని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు.

తెలంగాణలో ఈ మార్పు అంత కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఉంది. రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. అందుకే హైదరాబాద్ నుంచి తెరిస్తే చాలా రమ్మీ యాప్‌లు మీ రాష్ట్రంలో అనుమతి లేదని చెప్పేవి.

లైఫ్ సిమ్యులేషన్ ఆటలో కొన్న పాయింట్లు తిరిగి రూపాయలు కావు. గెలుపు లేదు, కనుక గెలిచి ఇంటికి తెచ్చుకునేదీ లేదు. అల్మారా కొనడం సినిమా టికెట్టు కొనడం లాంటి ఖర్చే గానీ పందెం కాదు. ఆ మేరకు ఇవి సామాజిక ఆటల కిందికే వస్తాయి. గందరగోళానికి తావిచ్చింది నిర్వచనాల్లోని మాటలు. పందెం అన్న పదం కింద నాణేలు, టోకెన్ల వంటివి కూడా వస్తాయని చట్టం చెబుతుంది. సామాజిక ఆటకు చందా లేదా ఒకసారి కట్టే ప్రవేశ రుసుము ఉండవచ్చని అంటుంది. నాణెం అన్న మాట ఒక్కటే పట్టుకుంటే అన్ని ఆటలూ నేరంలాగే కనిపిస్తాయి. కానీ తేల్చేది నాణెం కాదు, దాన్ని పెట్టినప్పుడు తిరిగి ఏదైనా గెలుస్తామన్న ఆశ ఉందా లేదా అన్నదే.

కాస్త మసకగా ఉన్నది అదృష్టపు పెట్టెల సంగతి. కొన్ని ఆటల్లో డబ్బు పెట్టి మూసిన పెట్టె కొంటే లోపల ఏ బట్టలు, ఏ సామాను వస్తుందో తెరిచేదాకా తెలియదు. బెల్జియం 2018లో డబ్బుతో కొనే ఇలాంటి పెట్టెలను జూదంగా పరిగణించింది. ఏ వస్తువు ఎంత శాతం వస్తుందో ముందే చెప్పాలని ఆపిల్ 2017 డిసెంబరులో నిబంధన పెట్టింది. లైఫ్ సిమ్యులేషన్ ఆటలో పెట్టె కనిపిస్తే, అది అల్మారా కొనడం లాంటిది కాదని గుర్తించడం అవసరం.

నిరీక్షణ వ్యాపారానికి ఎక్కువగా తగిలేది నిజానికి మరో నియమావళి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవారిని మభ్యపెట్టే తెరమీది కిటుకులను జాబితా చేసి నిషేధించింది. లేని తొందరను సృష్టించడం, అదే పనిగా విసిగించడం, చందా నుంచి బయటపడనివ్వకపోవడం అందులో ఉన్నాయి. ‘ఈ సోఫా మరో గంట మాత్రమే’ అనే ప్రకటన ప్రతి వారం తిరిగివస్తుంటే అది ఈ జాబితాలోని మొదటి రకానికి దగ్గరి చుట్టం. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నోటీసు ఇచ్చి ఖాళీ చేయించిన ఇల్లు

‘ది సిమ్స్ మొబైల్’ 2018 మార్చిలో ప్రపంచవ్యాప్తంగా విడుదలైంది. దాన్ని మూసివేస్తున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించారు. 2026 జనవరి 20 ఆఖరి రోజు. గడువు మూడు నెలలు. కొండాపూర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో అద్దెకుండేవారికి ఈ పద్ధతి పరిచితమే: యజమాని ముందుగా చెబుతాడు, అద్దెదారు సామాను సర్దుకుంటాడు. పోలిక అక్కడితో ఆగిపోతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగి వస్తుంది, మంచమూ బీరువా లారీ ఎక్కుతాయి. ఆటలో కొన్న మంచాన్ని ఎక్కించడానికి లారీ లేదు. అదే పేరున్న మరో ఆటలోకి కూడా అది వెళ్లదు.

కారణం సాంకేతికం, వ్యాపారం రెండూ. ఇలాంటి ఆటలో ఇల్లు ఫోనులో ఉండదు. ఎవరి దగ్గర ఏముందో సంస్థ సర్వర్‌లో రాసి ఉంటుంది, ఫోను దాన్ని చూపిస్తుంది, అంతే. సర్వర్ నడపడానికి ప్రతి నెలా ఖర్చు. ఆటగాళ్లు తగ్గినా ఆ ఖర్చు అంత త్వరగా తగ్గదు. రాబడి దానికంటే కిందికి దిగిన రోజున మూసివేత నిర్ణయం వస్తుంది. కొనేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన ఒప్పందంలో, అమ్ముతున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని రాసి ఉంటుంది. అంత పొడవైన ఒప్పందాన్ని రైల్లో నిలబడి ఎవరూ చదవరు.

మూసివేతకు మరో పద్ధతి కూడా ఉంది. నింటెండో 2017 నవంబరులో తెచ్చిన ‘యానిమల్ క్రాసింగ్: పాకెట్ క్యాంప్’ ఆన్‌లైన్ సేవను 2024 నవంబరులో ఆపేసింది. వెంటనే డిసెంబరులో అదే ఆటను ఒకసారి ధర చెల్లించి కొనుక్కునే రూపంలో విడుదల చేసింది. పాతవారు తమ సామానును అందులోకి తెచ్చుకునే ఏర్పాటు చేసింది. అంటే అద్దెదారుకే ఇల్లు అమ్మింది. నాణేల కొట్టు తీసేశారు, నిరంతర కనెక్షన్ అవసరం పోయింది. సర్వర్ ఆగాక ఇంటిని నిలబెట్టడం సాంకేతికంగా సాధ్యం కాదన్న వాదనకు ఈ ఉదాహరణ తర్వాత బలం తక్కువ. సాధ్యమే, కానీ దానికి పెట్టుబడి పెట్టాలనిపించేంత అభిమానులు మిగిలి ఉండాలి.

కంప్యూటర్‌లో ఆడే ‘ది సిమ్స్ 4’ కూడా 2022 అక్టోబరు 18 నుంచి ఉచితమైంది. అక్కడ కాలాన్ని ఆపే మీట, వేగం పెంచే మీట ఇప్పటికీ ఆటగాడి చేతిలోనే ఉన్నాయి. అమ్మేది అదనపు సామాను కట్టలు. ఒకే సంస్థ, ఒకే బొమ్మ మనుషులు. పరికరం మారితే ఉచితం అన్న మాటకు అర్థం మారిపోయింది.

ఇంటి ఫోను, పిల్లల వేళ్లు

ఖర్చు చేయి దాటే సందర్భాలు ఎక్కువగా పెద్దల ఫోను పిల్లల చేతికి వెళ్లినప్పుడు వస్తాయి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టుకోవచ్చు. పొరపాటున జరిగిన కొనుగోలుకు 48 గంటల్లోగా కోరితే డబ్బు తిరిగివచ్చే అవకాశం ఉంటుంది. వారపు చందాల విషయం వేరు. యూపీఐ ఆటోపేకు ఒకసారి అనుమతిస్తే రూ.15,000 లోపు చెల్లింపులకు తర్వాత పిన్ అడగదు. ఆటను ఫోనులోంచి తొలగించినంత మాత్రాన చందా ఆగదు, దాన్ని విడిగా రద్దు చేయాలి.

అపరిమిత నాణేలు ఇస్తామంటూ బయటి సైట్లలో దొరికే మార్చిన ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోనులోకి ఎక్కించే యాప్‌లు) ఈ ఖర్చుకు విరుగుడు కావు. వాటిలో ఇంకేం కలిపారో తెలియదు, అదే ఫోనులో బ్యాంకు యాప్ కూడా ఉంటుంది.

డబ్బు పెట్టేముందు ఆట ఏ రకందో తెలుసుకోవడానికి ఒప్పందం చదవనక్కర్లేదు. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఆట తెరిస్తే చాలు. బిట్‌లైఫ్ మీట నొక్కితే ఏడాది గడుస్తుంది, మనిషికి వయసు పెరుగుతుంది. ఫ్రీప్లే మాత్రం నెట్ కనెక్షన్ కావాలంటూ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.